హౌసింగ్ విప్పే ముందు పళ్లు లెక్కపెట్టండి

మీ బండి – మా జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) చుట్టే తిరిగాయి. మైలేజీ, ఏసీ ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపాం.

ప్రశ్న: మా బాపు కొన్న అంబాసిడర్ ఇప్పుడు నేను నడుపుతున్న. ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు. ఇంజిన్ పని మొత్తం చేయించిన, కార్బురేటర్ సాఫు చేయించిన. అయినా సిగ్నల్ దగ్గర లేవంగ బండి గుంజుతలేదు. వెనక క్రౌన్ పినియన్ మారిస్తే పికప్ వస్తదని మెకానిక్ అంటున్నడు. నిజంగ ఎంత వస్తది? ఏ సెట్ వెయ్యాలె? (హన్మకొండ)

జవాబు: వస్తుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్. క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో. అయితే ఎంత వస్తుందో చెప్పాలంటే ఇప్పుడు హౌసింగ్‌లో ఏముందో ముందు తేలాలి. పాతికేళ్లు దాటిన బండిలో కంపెనీ వేసిన సెట్టే ఉందనుకోవద్దు. ఎప్పుడో మోత వచ్చినప్పుడు దొరికిన సెట్ వేసి పంపించిన బండ్లకు లెక్కలేదు.

హౌసింగ్ విప్పకుండానే రేషియో పట్టవచ్చు. బండిని చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టండి. వెనక చక్రాల్లో ఒక్కదాన్నే జాకీతో లేపి స్టాండు మీద నిలబెట్టండి. నేల మీదున్న రెండో చక్రానికీ రాళ్లు కావాలి, ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి. అది పట్టేది వెనక చక్రాలనే కదా. టైరు మీద ఒకటి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఒకటి చాక్‌పీస్ గీతలు గీయండి. లేపిన చక్రాన్ని ఒకరు సరిగ్గా 20 చుట్లు తిప్పుతుంటే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. ఆ సంఖ్యను 10తో భాగిస్తే అదే మీ రేషియో. 20తో కాకుండా 10తో ఎందుకంటే, ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు పూర్తవుతుంది. షాఫ్ట్ 43 చుట్లు తిరిగితే 4.3. 48 దాటి ఇంకో ముప్పావు చుట్టు తిరిగితే 4.875.

విప్పినప్పుడు పళ్ల లెక్కతో సరిచూసుకోండి. పినియన్‌కు 11, క్రౌన్‌కు 43 పళ్లుంటే 3.909. అదే 10కి 43 అయితే 4.3, 9కి 41 అయితే 4.556, 8కి 39 అయితే 4.875. సంఖ్య పెద్దదయ్యే కొద్దీ లాగుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది.

మీది 4.3 అని తేలిందనుకుందాం. దాన్ని 4.875 చేస్తే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు 13.4 శాతం పెరుగుతుంది. ఇంజిన్ టార్క్ 130 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు 3.5 అనుకుని లెక్కకడితే వెనక యాక్సిల్ మీద 1956 ఉన్నది 2218 అవుతుంది. ఆ 13 శాతమూ వాచీ మీద కనపడుతుందని మాత్రం ఆశపడొద్దు. ఇంజిన్ తన ఫ్లైవీల్‌ను కూడా అంతే త్వరగా తిప్పుకోవాలి, దానికి కొంత పోతుంది. గేర్లు కూడా తొందరగా అయిపోతాయి. రెండో గేరు 55 కిలోమీటర్ల దగ్గర మార్చేవారు ఇకమీద 48 దగ్గరే మార్చాలి. తేడా బాగా తెలిసేది సిగ్నల్ దగ్గర లేచినప్పుడు, కాజీపేట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఐదుగురు కూర్చుని ఓవర్‌టేక్ చేసేటప్పుడు.

దీనికి చెల్లించే ధర హైవే మీద కనపడుతుంది. టైరు ఒక చుట్టుకు 2.05 మీటర్లు పోతుందనుకుంటే, 80 వేగంలో నాలుగో గేరులో (ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగే గేరు) ఇంజిన్ 4.3తో దాదాపు 2800 ఆర్‌పీఎం, 4.875తో 3170. మీకు ఐదో గేరు ఉంది కాబట్టి బతికిపోయారు. అది 0.85 ప్రాంతంలో ఉంటే 4.875 వేసినా 80 దగ్గర 2700 లోపే తిరుగుతుంది. నాలుగు గేర్ల పాత 1489 సీసీ ఇంజిన్ బండికి మాత్రం 4.875 వేయమని చెప్పం. హైదరాబాద్‌కు 145 కిలోమీటర్లు 3170 మీద ఎండాకాలంలో పోతే ఆయిల్ పలచబడి ప్రెషర్ పడిపోతుంది, చెవులకు విశ్రాంతి ఉండదు. ఆ బండికి 4.556 దగ్గర ఆగడం మంచిది.

సెట్ కొనే ముందు డబ్బు ఖర్చులేని పనులు రెండు. ఒకటి, 10 కిలోమీటర్లు నడిపి దిగి నాలుగు డ్రమ్ములనూ చేతితో చూడండి. ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే షూ ఆనుకుని తిరుగుతోందని అర్థం, వెనకదైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుపోయి ఉండవచ్చు. ఆ రోగానికి క్రౌన్ పినియన్ మందు కాదు. రెండు, టైరు మీద, నేల మీద చాక్ గుర్తు పెట్టి బండిని ఒక చుట్టు తోసి దూరం కొలవండి. ముందు 2.05 మీటర్లు పోయే బండికి అందం కోసం పెద్ద టైర్లు వేసి అది 2.15 అయితే, మీ 4.3 చక్రం దగ్గర 4.1 అయిపోయినట్టే. అప్పుడు పాత సైజు టైర్లు వేసుకుంటే దాదాపు 5 శాతం లాగుడు హౌసింగ్ ముట్టకుండానే తిరిగొస్తుంది. ఈ రెండూ సరిగా ఉండి కూడా గుంజకపోతేనే హౌసింగ్ విప్పండి.

కొత్త సెట్‌ను పాతదాని పక్కన పెట్టి కొలవాల్సినవి: పినియన్ కాడ మీది గాడుల (స్ప్లైన్ల) సంఖ్య (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే ఫ్లేంజ్ దాని మీదే కూర్చోవాలి), ముందు వెనక బేరింగుల నంబర్లు, ఆయిల్ సీల్ సైజు, క్రౌన్ బోల్టుల సంఖ్య, వాటి మందం, క్రౌన్ లోపలి వ్యాసం, చివరగా క్రౌన్ మందం. ఎక్కువమంది వదిలేసేది ఈ ఆఖరిదే. పళ్లు తగ్గిన పినియన్ చిన్నది, అందుకని దాని జోడీ క్రౌన్ మందంగా ఉంటుంది. కొన్ని హౌసింగుల్లో క్రౌన్‌ను బిగించే డిఫరెన్షియల్ కేసును ఒక రేషియో గుంపు కోసమే చేస్తారు. దానికి వేరే గుంపు క్రౌన్ బిగిస్తే పినియన్‌ను అందుకోదు, లేదా ఒరుసుకుంటుంది. లేత్ మీద తిప్పించిన రేకు వేసి సరిచేస్తామంటే వద్దనండి. కేసు కూడా జతగా తెచ్చుకోవాలి.

ప్రశ్న: కాంటెస్సాకు కొత్త క్రౌన్ పినియన్ వేయించి 300 కిలోమీటర్లయింది. 50–65 మధ్యల యాక్సిలరేటర్ తొక్కితే ఊళ పెట్టినట్టు మోత. కాలు తీస్తే ఆగుతది. “నడవంగ నడవంగ పోతది” అంటున్నరు. పోతదా? (జనగామ)

జవాబు: పోదు. పళ్లు తప్పు చోట ఒరుసుకుంటూ ఆ తప్పుకే అలవాటు పడతాయి, అంతే. ఆ తర్వాత సరిచేసినా మోత ఉండిపోతుంది. 300 కిలోమీటర్లే అయింది కాబట్టి ఇంకా చేతిలో పనే. ఈలోగా బండిని ఎక్కువ నడపకండి.

ముందు ఆ శబ్దం హౌసింగ్‌దేనని రుజువు చేసుకోండి. 60 దగ్గర టాప్‌లో మోత వింటూ మూడో గేరుకు మార్చి అదే 60 మీద పోనివ్వండి. ఇంజిన్ శబ్దం మారినా మోత అదే రాగంలో ఉంటే అది వెనకదే. టైరు శబ్దమైతే తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే మారిపోతుంది. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటే బేరింగ్. మలుపులో మాత్రమే వస్తే స్టార్ గేర్లు (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే చిన్న గేర్లు). గేరు వేసి క్లచ్ వదలగానే “టక్” మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (దాని చివరి కీలు) గానీ, పళ్ల మధ్య మితిమీరిన ప్లే (వదులు) గానీ. మీరు చెప్పినట్టు తొక్కినప్పుడే వచ్చి వదిలితే ఆగేది మాత్రం పళ్లు కలిసే చోటు తప్పిందనడానికి గుర్తు.

క్రౌన్ పినియన్ కూర్చోబెట్టడంలో కొలతలు నాలుగు: పినియన్ లోతు, పినియన్ బేరింగుల బిగువు, క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ప్లే, పక్క బేరింగుల బిగువు. “పాత షిమ్ములే (సందు సరిచేసే పలచని రేకులు) వేశాం” అని మీ మెకానిక్ అన్నాడా అడగండి. సాధారణంగా తప్పు మొదలయ్యేది అక్కడే. ఏ రెండు పినియన్లూ అచ్చంగా ఒకే ఎత్తులో ఉండవు. అందుకే తల మీద ప్లస్, మైనస్ అంకెలు చెక్కి ఉంటాయి. వాటి అర్థం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి వాటిని ఆరంభానికే వాడండి, తీర్పు పళ్ల మీద పడే అచ్చుదే. ఇక్కడ 0.05 మిల్లీమీటర్ల షిమ్ము తేడా కూడా అచ్చును కదిలిస్తుంది.

పినియన్ బేరింగుల బిగువు చేతి అంచనాతో కుదరదు. పినియన్ ఒక్కదాన్నే, సీల్ లేకుండా, క్రౌన్ పెట్టక ముందు బిగించి, ఫ్లేంజ్ చుట్టూ దారం చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగండి. దారం చుట్టిన చోట సగం వ్యాసం 4 సెంటీమీటర్లయితే, కొత్త బేరింగులకు పినియన్ నిదానంగా తిరుగుతున్నప్పుడు కాటా 3 నుంచి 5 కిలోల మధ్య చూపాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. పాత బేరింగులే మళ్లీ వేస్తే దాదాపు సగం చాలు. రెండు బేరింగుల మధ్య నలిగే స్పేసర్ (చిన్న గొట్టం) ఉన్న రకమైతే నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ కాటా చూడాలి. దాటిపోతే నట్టు వదులు చేసి సరిపెట్టడం కుదరదు. ఒకసారి నలిగిన స్పేసర్ మళ్లీ లేవదు, కొత్తది వేయాల్సిందే. ఇది చిన్న సామాను, రెండు మూడు ముందే తెచ్చిపెట్టుకోండి.

ప్లే కొలవడానికి మ్యాగ్నెట్ స్టాండుతో డయల్ గేజ్ కావాలి. గేజ్ మొనను క్రౌన్ పంటికి బయటి కొసన నిటారుగా ఆనించి, పినియన్‌ను కదలకుండా పట్టుకుని క్రౌన్‌ను ముందుకూ వెనక్కూ ఆడించండి. ఇలాంటి కార్లకు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు మంచి కొలత. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల చూడండి. వాటి మధ్య తేడా 0.05 దాటితే క్రౌన్ వంకరగా కూర్చుంది. బోల్టులు విప్పి కూర్చునే చోట బర్రు, మురికి గీకి మళ్లీ బిగించాలి. ప్లే మార్చేటప్పుడు ఒక పక్క తీసిన షిమ్ము రెండో పక్క వేయాలి, లేకుంటే పక్క బేరింగుల బిగువు పోతుంది. క్రౌన్ బోల్టులు కొత్తవి, థ్రెడ్ లాక్ వేసి, ఎదురెదురుగా, టార్క్ రెంచితోనే.

ఇక అచ్చు. క్రౌన్ పళ్లు నాలుగైదింటికి ప్రష్యన్ బ్లూ (అచ్చు చూసే నీలి రంగు) పలచగా రాసి, క్రౌన్‌ను చెక్క ముక్కతో కొంచెం అదిమి పట్టి పినియన్‌ను అటూ ఇటూ తిప్పండి. మీ మోత తొక్కినప్పుడు వస్తోంది కాబట్టి పంటి ఉబ్బు వైపు అచ్చు మొదట చూడాలి. అది పంటి ఎత్తుకు నడుమ, పొడవులో నడిమికి కాస్త లోపలి కొస వైపు పడితే సరి. అచ్చు పంటి తల మీద పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము పెంచి లోపలికి తేవాలి. పంటి మొదట్లో పడితే మరీ లోపలికి పోయింది, షిమ్ము తగ్గించాలి. బయటి కొసకు పారిపోతే క్రౌన్‌ను పినియన్ దగ్గరికి, లోపలి కొసకు ముడుచుకుపోతే దూరానికి జరపాలి. (పినియన్ తలకూ బేరింగ్‌కూ మధ్య షిమ్ము ఉండే రకానికి ఈ మాట. షిమ్ము వేరే చోట ఉండే రకానికి తిరగేసి చదువుకోండి.) పినియన్ కదిపిన ప్రతిసారీ ప్లే మారుతుంది, మళ్లీ కొలవాలి. తలా తోకా చూస్తూ నాలుగైదు సార్లు విప్పి బిగించే పని ఇది. గంటలో అయిపోయిందని ఎవరైనా అంటే ఏదో ఒక కొలత ఎగిరిపోయిందనే అనుకోండి.

సరిచేశాక మొదటి రోజు 15–20 నిమిషాలు మామూలుగా నడిపి అరగంట చల్లారనివ్వండి, అలా మూడు నాలుగు సార్లు. మొదటి 800 కిలోమీటర్లు బరువు లాగడం, గట్టిగా తొక్కడం వద్దు. ఆ తర్వాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించి కొత్తది పోయండి. ఆయిల్‌లో బూడిద రంగు పొడి కనపడితే మామూలే. చేతికి గుచ్చుకునే రవ్వలు వస్తే మాత్రం మళ్లీ విప్పాల్సిందే.

ప్రశ్న: రేషియో మార్చినంక మా అంబాసిడర్ వాన పడితే ఒక్క చక్రమే గిరగిర తిరుగుతుంది. స్టార్ గేర్లను వెల్డింగ్ చేయిస్తే రెండు చక్రాలూ లాగుతయని దోస్తులంటున్నరు. (కరీంనగర్)

జవాబు: లాగుతాయి. మలుపులో కూడా రెండూ సమానంగానే తిరుగుతాయి, చిక్కంతా అక్కడుంది. వెనక చక్రాల మధ్య 1.35 మీటర్ల ఎడం అనుకుంటే ఒక్క యూ టర్న్‌లో బయటి చక్రం లోపలిదానికంటే 4.2 మీటర్లు ఎక్కువ పోవాలి. వెల్డింగ్ చేసిన బండిలో ఆ 4.2 మీటర్లు టైరు ఈడ్చుకుపోవాలి, లేదా యాక్సిల్ షాఫ్ట్ మెలికపడాలి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు తిప్పినా బండి నేరుగా పోతుంది. రోడ్డు మీద తిరిగే కారుకు ఈ పని వద్దు.

కమాను పట్టీలు చూడండి. లాగుడు పెరిగాక హౌసింగ్ పినియన్ వైపు ముక్కు పైకెత్తుతూ పట్టీలను ఎస్ ఆకారంలో మెలిపెడుతుంది, వదలగానే చక్రం ఎగిరెగిరి పడుతుంది. యూ బోల్టులు వదులయ్యాయా, బుష్‌లు నలిగాయా, మెయిన్ పట్టీ పగిలిందా, షాకబ్జర్బర్లు పనిచేస్తున్నాయా, రెండు టైర్లలో గాలి సమానమా. ఇవి సరిచేస్తే చాలా బండ్లకు రోగం కుదురుతుంది. అప్పటికీ చాలకపోతే మీ హౌసింగ్‌కు సరిపోయే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండోదానికీ లాగుడు పంపే రకం) దొరికితే వేయించండి, దానికి సరిపడే ఆయిల్‌తో సహా.

హౌసింగ్ పనికి యాక్సిల్ షాఫ్టులు ఎలాగూ బయటికి వస్తాయి కాబట్టి ఒక పని చేయండి. ఈ కొస నుంచి ఆ కొసకు నిటారుగా తెల్ల పెయింటు గీత గీసి మళ్లీ బిగించండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత లాగి చూస్తే గీత మెలిక తిరిగి ఉంటే ఆ షాఫ్ట్ పని అయిపోయింది. విరిగిన షాఫ్ట్‌కు వెల్డింగ్ పెట్టడం, మామూలు ఇనుప కడ్డీతో లేత్ మీద కొత్తది చేయించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సెమీ ఫ్లోటింగ్ రకంలో (చక్రం షాఫ్ట్ మీదే ఆధారపడేది) షాఫ్ట్ విరిగితే చక్రం బ్రేకు డ్రమ్ముతో సహా బయటికి జారుతుంది. చేయించక తప్పకపోతే ఈఎన్ 24 ఉక్కుతో, హీట్ ట్రీట్‌మెంట్ పూర్తి చేయించి తీసుకోండి.

ప్రశ్న: ఫోర్ వీల్ జీపు, 4.88 రేషియో. పెద్ద టైర్లు వేసినప్పటి నుంచి తాడ్వాయి అడవి దారిల మొదటి గేరుల కూడా ఇంజిన్ కొట్టుకుంటుంది. వెనక హౌసింగ్ ఒక్కటి 5.38 చేస్తే చాలా? (ములుగు)

జవాబు: మీ అంచనా సరైనదే. టైరు చుట్టుకొలత 2.2 నుంచి 2.4 మీటర్లకు పెరిగిందనుకుంటే, పాత లాగుడు తిరిగి రావడానికి 5.32 కావాలి. 5.38 దానికి దగ్గరి సెట్టే. కానీ వెనక ఒక్కటే మారిస్తే ఫోర్ వీల్ లీవర్ వేసిన క్షణం ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి పది శాతం వేరే వేగంతో తిరగాలని చూస్తాయి. బురదలో జారి సరిపెట్టుకుంటాయి, గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు లాగుడు పంచే డబ్బా) గేర్లో, క్రాసో పగులుతుంది. రెండు హౌసింగులూ కలిపి మార్చండి, లేదా పాత సైజు టైర్లకు తిరిగి రండి. చవకైనది రెండోదే.

ప్రశ్న: హౌసింగ్‌లో ఏ ఆయిల్, ఎంత? సీల్ మార్చిన ప్రతిసారీ మళ్లీ కారుతుంది. (మంచిర్యాల)

జవాబు: హైపాయిడ్ గేర్లకు (ఈ క్రౌన్ పినియన్ రకం) జీఎల్ 5 రకం 90 నంబరు ఆయిల్. ఇంజిన్ ఆయిల్ వద్దు, గ్రీజు కలపడం అసలే వద్దు. పక్క రంధ్రం అంచు వరకు, బండి సమంగా నిలబడి ఉన్నప్పుడు. మిగిలిన ఆయిల్‌ను పాత గేర్‌బాక్స్‌లో పోయకండి, జీఎల్ 5లోని రసాయనం గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తింటుంది.

సీల్‌ను అనే ముందు హౌసింగ్ మీది బ్రీదర్‌ను (గాలి పోయే రంధ్రం) తీగతో పొడవండి. అది మట్టితో మూసుకుపోతే లోపలి వేడి గాలికి దారి లేక సీల్‌నే తోసుకుని వస్తుంది. రంధ్రానికి మించి ఆయిల్ పోసినా అంతే, అది నేరుగా బ్రేకు షూల మీదికి చేరుతుంది.

ప్రశ్న: 4.3 తీసి 4.875 వేసినంక స్పీడోమీటర్ 80 చూపిస్తే బండి మెల్లగ పోతున్నట్టుంది. (నర్సంపేట)

జవాబు: మీ అనుమానం నిజం. కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి దానికి హౌసింగ్ మారిన సంగతి తెలియదు. 80 చూపించినప్పుడు మీరు పోయేది 70.6. ఓడోమీటరూ అంతే ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ పెరిగిందని సంబరపడకండి. గేర్‌బాక్స్‌లోని స్పీడో పినియన్‌ను పళ్లు ఎక్కువున్నదానితో మారిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మారుతి 800కు ఇదే పని చేయించొచ్చా? (కాజీపేట)

జవాబు: మీ కారుకు లాగేది ముందు చక్రాలు, వెనక హౌసింగే లేదు. క్రౌన్ పినియన్ పని చేసే ఫైనల్ డ్రైవ్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించి మొత్తం విప్పాలి. ఆ ఖర్చుకు ముందు క్లచ్ ప్లేటు, కంప్రెషన్ చూపించుకోండి.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంల క్రౌన్ పినియన్ సెట్ తక్కువకు దొరుకుతుంది. తీసుకోవచ్చా? (వరంగల్)

జవాబు: జోడీ తప్పకపోతే తీసుకోవచ్చు. క్రౌన్ పక్కన, పినియన్ తల మీద ఒకే నంబరు చెక్కి ఉండాలి. ఈ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి కలిపి నూరినవి, వేరే జోడీది ఎంత కొత్తదైనా మోత చేస్తుంది. గోరుతో పంటి ముఖం మీద గీయండి, మెట్టులా తగిలితే వదిలేయండి. లోపలి కొసన చిన్న పెచ్చు ఊడినా వద్దు. నీలి రంగు మరకలుంటే ఆయిల్ లేకుండా కాలింది, దాని పై పొర గట్టిదనం పోయింది. వీలైతే హౌసింగ్‌లో ఉండగానే చూసి, డ్రెయిన్ ప్లగ్ విప్పించండి. మోత వినపడకుండా రంపపు పొట్టు కలిపి అమ్మే పాత విద్య ఇంకా పోలేదు. ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి వేళ్లతో నలిపితే పొట్టు దొరికిపోతుంది.